అగో, బిఫోర్, ఎర్లియర్, ప్రీవియస్లీ, ఫార్మర్లీ: ‘క్రితం’, ‘ముందు’, ‘ఇదివరకు’ అన్న చోట ఏది వాడాలి?

ప్రశ్న – వార్తల అనువాదం

తెలుగు వార్తలను, దరఖాస్తులను ఇంగ్లిషులోకి మార్చేటప్పుడు గతాన్ని చెప్పే మాటల దగ్గర తేడాలొస్తున్నాయి. నిఘంటువు చూస్తే అగో, బిఫోర్, ఎర్లియర్, ప్రీవియస్లీ, ఫార్మర్లీ అన్నిటికీ అటూ ఇటూగా ‘ముందు, మునుపు, క్రితం, పూర్వం’ అనే ఇస్తుంది. వాక్యంలో పెట్టేసరికి ఒకటి ఉన్నచోట ఇంకొకటి ఇమడదు. ఈ అయిదు నమూనా వాక్యాలు చూడండి.

‘రెండేళ్ల క్రితం ఈ వంతెన కట్టారు.’

‘వంతెన 2019లో కూలింది. అంతకు రెండేళ్ల క్రితమే ఇంజినీర్లు హెచ్చరించారు.’

‘హనుమకొండ జిల్లా పేరు ఇదివరకు వరంగల్ అర్బన్.’

‘ఆయన ఇదివరకు రెండుసార్లు ఈ ఊరు వచ్చారు.’

‘1991లో అప్పటి ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ బడ్జెట్ ప్రవేశపెట్టారు.’

మొదటి రెండింటిలోనూ ‘క్రితం’ ఉన్నా ఇంగ్లిషులో ఒకే మాట కుదరదని తెలుసు. మూడు, నాలుగు వాక్యాల్లో ‘ఇదివరకు’ సంగతీ అంతే. కంఠస్థం చేయాల్సిన నియమాల పట్టిక కాకుండా, తెలుగు వాక్యం చూడగానే తేల్చుకోగల పరీక్ష ఏదైనా ఉందా? ‘బిఫోర్ టూ ఇయర్స్’ అనడం ఎందుకు తప్పో కూడా ఎవరైనా కారణంతో చెప్పగలరా?

జవాబు – ఇంగ్లిషు పాఠం

పరీక్ష ఉందండి, అదీ మన భాషలోనే ఉంది. ‘ఇంతకు’, ‘అంతకు’ అనే జంట మాటలే ఆ పరీక్ష.

ఏ కాలదూరాన్నైనా ఎక్కడో ఒక గుంజకు తాడు కట్టి కొలవాలి. గుంజ ఈ క్షణంలో, అంటే మాట్లాడుతున్నప్పుడు పాతి ఉంటే ‘ఇప్పటికి రెండేళ్ల కిందట’. అది అగో. గుంజ గతంలోనే ఇంకొక సంఘటన దగ్గర ఉంటే ‘అప్పటికి రెండేళ్ల ముందు’. అది బిఫోర్ లేదా ఎర్లియర్. మీ మొదటి వాక్యంలో ‘ఇప్పటికి’ చేర్చి చదవండి, సరిపోతుంది: ‘ద బ్రిడ్జ్ వాజ్ బిల్ట్ టూ ఇయర్స్ అగో’. రెండో వాక్యంలో గుంజ 2019 దగ్గర ఉంది: ‘ఇట్ కొలాప్స్డ్ ఇన్ 2019. ఇంజినీర్స్ హ్యాడ్ వార్న్డ్ టూ ఇయర్స్ ఎర్లియర్’. ఇక్కడ అగో పెట్టి, ఆ వార్తను 2025లో రాస్తే, హెచ్చరిక 2023లో వచ్చిందని అర్థం వస్తుంది. అంటే వంతెన కూలిన నాలుగేళ్లకు హెచ్చరించినట్టు! రెండు మాటలనూ కలిపేస్తే తేదీలే తారుమారవుతాయి.

‘క్రితం’ను నమ్ముకోకండి. మన పత్రికలు ‘అంతకు రెండేళ్ల క్రితం’ అని కూడా రాస్తాయి, అందుకని ఆ మాటను చూసి ఏమీ తేల్చలేం. దాని ముందున్న ‘ఇంతకు/అంతకు’ చూడాలి. ఏదీ లేకపోతే మనమే రెండూ చేర్చి చదవాలి, ఏది అతికితే ఆ గుంజ.

ఇంకొక సంగతి, ఇది గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది. అగో అన్నది పాత ఇంగ్లిషులో ‘గడిచిపోయిన’ అనే అర్థమున్న క్రియారూపం నుంచి అరిగి వచ్చిన మాట. మన ‘గత’ కూడా సంస్కృతంలో ‘పోయిన’ అన్నదే. ‘టూ ఇయర్స్ అగో’ అంటే ‘రెండేళ్లు పోయాయి’ అని. ఎక్కడి నుంచి పోయాయి? ఇవాళ్టి నుంచి. అందుకే దానికి ఇంకో గుంజ ఉండదు. బిఫోర్ అలా కాదు. అది మన ‘ముందు’ లాగే ఎదుటి భాగాన్ని చెప్పే మాట. దేనికి ముందో ఒక వస్తువో సంఘటనో ఉండి తీరాలి.

జవాబు – వాక్యం వరుస

పై జవాబుకు ఒక సవరణ. బిఫోర్ ఎప్పుడూ ‘అప్పటికి’ గుంజతోనే వస్తుందనుకుంటే ‘ఐ హ్యావ్ సీన్ దిస్ బిఫోర్’ దగ్గర చిక్కుకుంటారు. అది ‘ఇంతకు ముందు చూశాను’, గుంజ ఇప్పుడే. తేడా ఏమిటంటే, అక్కడ కొలత లేదు. రెండేళ్లు, మూడు రోజులు అంటూ కొలత చెప్పినప్పుడే అగో–బిఫోర్ గొడవ. కొలత లేకుండా ఒంటిగా వచ్చిన బిఫోర్ ఇప్పటికి ముందు ఎప్పుడో ఒకప్పుడు అన్న అర్థంలోనూ చెల్లుతుంది. ‘మునుపెన్నడూ’కు ‘నెవర్ బిఫోర్’ అనడం అందుకే.

ఇక ‘బిఫోర్ టూ ఇయర్స్’ సంగతి. చిత్రమేమిటంటే, ఇక్కడ తెలుగు వరుస ఉన్నదున్నట్టు పెడితే తప్పే రాదు. ‘రెండేళ్ల కిందట’లో కొలత ముందు, మాట వెనక. ‘టూ ఇయర్స్ అగో’లోనూ అంతే. కానీ బళ్లో మొదటి నుంచీ అలవాటు చేసేది తిరగేయడం: ‘బల్ల మీద’ అంటే ‘ఆన్ ద టేబుల్’, ‘ఇంట్లో’ అంటే ‘ఇన్ ద హౌస్’. ఆ అలవాటుతో తిప్పక్కర్లేనిదాన్ని కూడా తిప్పేస్తాం. ‘రెండేళ్ల ముందు’ తిరగబడి ‘బిఫోర్ టూ ఇయర్స్’ అవుతుంది.

బిఫోర్‌కు కుడివైపు వచ్చేది కొలత కాదు, గుంజ. ఎడమవైపు వచ్చేది కొలత. ‘హాఫ్ ఎన్ అవర్ బిఫోర్ ఫుడ్’: అరగంట కొలత, భోజనం గుంజ. ‘టూ డేస్ బిఫోర్ ద వెడ్డింగ్’: రెండు రోజులు కొలత, పెళ్లి గుంజ. ‘బిఫోర్ టూ ఓ క్లాక్’ తప్పు కాదు, ఎందుకంటే రెండు గంటలు అక్కడ గడియారంలో ఒక బిందువు, కొలత కాదు. ‘బిఫోర్ టూ అవర్స్’ తప్పు, అది కొలత. ఈ జత పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

క్రియ దగ్గర రెండు పొరపాట్లు బాగా కనిపిస్తాయి. అగో ఉన్న వాక్యంలో ‘హ్యావ్’ రాదు. ‘ఐ హ్యావ్ జాయిన్డ్ టూ ఇయర్స్ అగో’ తప్పు, ‘ఐ జాయిన్డ్ టూ ఇయర్స్ అగో’ ఒప్పు. రెండోది, ‘హ్యాడ్’ను ఊరికే మర్యాద కోసమన్నట్టు వాడటం: ‘ఐ హ్యాడ్ సబ్మిటెడ్ ద ఫారం ఎస్టర్డే’. హ్యాడ్ అంటే గతంలో రెండు మెట్లున్నాయని, ఇది కింది మెట్టని. ఆ వాక్యం చదివినవారు పై మెట్టు కోసం, అంటే ఆ తర్వాత ఏమైందో వినడానికి ఎదురుచూస్తారు. ఒక్క సంఘటనే అయితే ‘ఐ సబ్మిటెడ్’ చాలు.

‘నుంచి’ కూడా ఇక్కడే చెప్పేస్తాను. మనకు ‘2023 నుంచి’, ‘రెండేళ్ల నుంచి’ రెండింటికీ ఒకటే ప్రత్యయం. ఇంగ్లిషుకు బిందువైతే ‘సిన్స్ 2023’, కొలతైతే ‘ఫర్ టూ ఇయర్స్’. ‘సిన్స్ టూ ఇయర్స్’ అనేది ‘బిఫోర్ టూ ఇయర్స్’కు తోబుట్టువు లాంటి పొరపాటు.

జవాబు – మాజీలు, దివంగతులు

మూడు, నాలుగు, అయిదో వాక్యాలు నేను తీసుకుంటాను.

ప్రీవియస్లీ అంటే ‘ఇంతకు ముందు ఒకసారో పలుసార్లో జరిగింది’. అది ఆగిపోయిందని చెప్పదు, ఇంకా జరగవచ్చు. ఫార్మర్లీ అంటే ‘ఒకప్పుడు అలా ఉండేది, ఇప్పుడు లేదు’. అందుకే ఫార్మర్లీ స్థితికి అతుకుతుంది, విడి సంఘటనకు అతకదు. వాక్యం చివర ‘ఇప్పుడు కాదు’ అని చేర్చి చూడండి. ‘హనుమకొండ ఇదివరకు వరంగల్ అర్బన్, ఇప్పుడు కాదు’ అంటే సరిగ్గా ఉంది కాబట్టి ‘ఫార్మర్లీ వరంగల్ అర్బన్’. ‘ఇదివరకు రెండుసార్లు వచ్చారు, ఇప్పుడు కాదు’ అంటే అర్థం లేదు కాబట్టి ‘హి హ్యాజ్ ప్రీవియస్లీ విజిటెడ్ ట్వైస్’. ఎర్లియర్ ఈ రెండింటికంటే దగ్గరి చూపున్న మాట. ‘ఎర్లియర్ టుడే’, ‘ఎర్లియర్ దిస్ వీక్’ అన్నట్టు ఒక చట్రంలో కాస్త ముందు. మన ‘ఇందాక’కు ఒక్క మాటలో అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఎర్లియర్ అనే నా అభిప్రాయం.

మనుషుల పదవుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మీ వాక్యంలోని మన్మోహన్ సింగ్ గారే మంచి ఉదాహరణ. 1991 జులై 24న బడ్జెట్ ప్రవేశపెట్టేనాటికి ఆయన ఆర్థిక మంత్రి. కాబట్టి ‘ద దెన్ ఫైనాన్స్ మినిస్టర్’. ‘ఫార్మర్ ఫైనాన్స్ మినిస్టర్ ప్రెజెంటెడ్’ అని రాస్తే, పదవి దిగిపోయినవారు బడ్జెట్ ప్రవేశపెట్టినట్టు చదువుకుంటారు. తర్వాత 2004 నుంచి 2014 దాకా ప్రధాని. దిగిపోయాక ‘ఫార్మర్ ప్రైమ్ మినిస్టర్’. 2024 డిసెంబర్ 26న కన్నుమూశారు కనుక ‘ద లేట్’. ఒకే మనిషికి మూడు మాటలూ చెల్లుతాయి, మూడు వేర్వేరు గుంజల నుంచి: ‘అప్పటి’, ‘మాజీ’, ‘దివంగత’. పేరుకు ఏది తగిలించాలో ఆయన ఇవాళ్టి స్థితి ఒక్కటే చెప్పదు, వాక్యంలోని క్రియ ఏ కాలంలో జరిగిందో అదీ చూడాలి.

ఎక్స్, ఫార్మర్ అర్థంలో ఒకటే, ధోరణిలో వేరు. పత్రం రాసేటప్పుడు ఫార్మర్ మేలు. ‘ఎక్స్-సర్వీస్‌మన్’ లాంటివి స్థిరపడిపోయాయి, వాటిని కదపొద్దు. ‘ఓల్డ్ స్టూడెంట్’ అంటే వయసు మళ్లిన విద్యార్థి అనీ అనిపించవచ్చు, ‘పూర్వ విద్యార్థి’కి ‘ఫార్మర్ స్టూడెంట్’ చాలు. విడిపోయిన భర్తకు ‘లేట్ హస్బెండ్’ అని, చనిపోయిన భర్తకు ‘ఎక్స్ హస్బెండ్’ అని ఫారాల్లో పడితే పింఛను, వారసత్వం దగ్గర కాగితం వెనక్కి వస్తుంది. అక్కడ మాట తేడా కాదు, హక్కు తేడా. అన్నట్టు, ఈ ఫార్మర్‌కూ రైతును చెప్పే ఫార్మర్‌కూ స్పెల్లింగు వేరు, ఇంగ్లిషు ఉచ్చారణా వేరే. తెలుగు లిపిలో మాత్రమే ఒకటిగా కనిపిస్తాయి.

‘ప్రీవియస్’కూ ‘ఫార్మర్’కూ మరొక తేడా: ‘మై ప్రీవియస్ మేనేజర్’ అంటే ఇప్పటివారికి సరిగ్గా ముందున్నవారు, ఒక్కరే. ‘ఎ ఫార్మర్ మేనేజర్’ అంటే ఇప్పటివారికి ముందున్న వారిలో ఎవరైనా.

ప్రశ్నకర్త – వార్తల అనువాదం

చాలా ఉపయోగంగా ఉంది. ఒక అనుబంధ ప్రశ్న. ‘ఉమ్మడి వరంగల్ జిల్లా’ అని రోజూ వస్తుంది. ‘ఎర్స్ట్‌వైల్ వరంగల్ డిస్ట్రిక్ట్’ అని రాయడం సరైనదేనా? ‘టూ డేస్ బ్యాక్’ మాటేమిటి? ఇంకా, పరోక్ష కథనంలో, అంటే ఒకరి మాటను మన వాక్యంలో చెప్పేటప్పుడు, అగో ఎప్పుడు మారుతుంది?

జవాబు – మాజీలు, దివంగతులు

ఎర్స్ట్‌వైల్ తప్పు కాదు, మన దేశపు పత్రికల్లో, ప్రభుత్వ పత్రాల్లో చక్కగా చెల్లుతోంది. కానీ బయటి దేశాల పాఠకులకు అది పాతకాలపు పుస్తకాల మాటలా వినిపిస్తుంది. మీ పాఠకులెవరో చూసుకోండి.

అసలు సమస్య మాట కాదు. ‘ఫార్మర్ వరంగల్ డిస్ట్రిక్ట్’ అంటే ఆ జిల్లా ఇప్పుడు లేదని అర్థం. వరంగల్ పేరుతో ఇవాళా జిల్లా ఉంది! తెలంగాణలో 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. కాబట్టి ‘ఫార్మర్’ అన్నా ‘ఎర్స్ట్‌వైల్’ అన్నా, తెలియనివారికి ఏ వరంగలో తేలదు. ‘అన్‌డివైడెడ్ వరంగల్ డిస్ట్రిక్ట్’ అని, మొదటిసారి వచ్చిన చోట ‘యాజ్ ఇట్ స్టుడ్ బిఫోర్ అక్టోబర్ 2016’ చేర్చండి. ‘ఉమ్మడి’ని ‘జాయింట్’, ‘కంబైన్డ్’ అనకండి, ఇద్దరు కలిసి నడిపే జిల్లా అనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయిన తర్వాత ‘ఉమ్మడి గుంటూరు’, ‘ఉమ్మడి కృష్ణా’లకూ ఇదే పద్ధతి.

జవాబు – ఇంగ్లిషు పాఠం

‘టూ డేస్ బ్యాక్’ మాటల్లో పరవాలేదు, ఇంగ్లండులో, అమెరికాలో కూడా అంటారు. రాతలో అగో రాయండి. దరఖాస్తులోనైతే తేదీయే వేయండి.

పరోక్ష కథనం గురించి. పదో తరగతి పట్టిక మీకు తెలిసే ఉంటుంది: ఎస్టర్డే స్థానంలో ‘ద ప్రీవియస్ డే’, అగో స్థానంలో ‘బిఫోర్’, లాస్ట్ నైట్ స్థానంలో ‘ద నైట్ బిఫోర్’. పట్టిక ఉన్నా తప్పులు ఎందుకొస్తాయంటే, తెలుగులో ‘అని’ ఉంది. ‘రెండు రోజుల కిందట వచ్చానని చెప్పాడు’ అన్నప్పుడు, అతని మాటను అతని గుంజతో సహా ఎత్తుకొచ్చి మన వాక్యంలో దించుతాం. ‘అని’ ఆ బరువు మోస్తుంది. ఇంగ్లిషులో ఉద్ధరణ చిహ్నాలు తీసేశాక అతని గుంజ ఉండదు, అంతా చెబుతున్నవారి గుంజే. కాబట్టి ‘హి సెడ్ హి హ్యాడ్ కమ్ టూ డేస్ ఎర్లియర్’.

అయితే పట్టికను గుడ్డిగా వాడొద్దు. అతను ఇవాళ పొద్దున చెప్పిన మాటను ఇవాళ సాయంత్రమే రాస్తుంటే రెండు గుంజలూ ఒకే రోజున ఉన్నాయి, ‘టూ డేస్ అగో’ అలాగే ఉంచవచ్చు. నెల తర్వాత రాస్తుంటే మార్చి తీరాలి.

మన ‘ముందు’ రెండు వైపులా తిరుగుతుందన్నది కూడా మర్చిపోకండి. ‘ముందు రోజు’ అంటే గడిచిన రోజు, ‘ద డే బిఫోర్’. ‘ముందు రోజుల్లో’, ‘ముందు ముందు’ అంటే రాబోయే కాలం. ఇంగ్లిషు బిఫోర్ కాలం దగ్గర మామూలుగా భవిష్యత్తు వైపు ఇలా తిరగదు. ‘ముందు రోజుల్లో ధరలు పెరుగుతాయి’కి ‘ఇన్ ద డేస్ బిఫోర్’ అని వచ్చిందంటే కింద క్రియ చదవకుండా మాటకు మాట పెట్టినట్టే.

‘వెళ్లేవాణ్ణి’కి ‘యూజ్డ్ టు గో’ సరైన జోడీ. కానీ కొలత చెప్పారంటే యూజ్డ్ టు పోవాలి. ‘ఐ యూజ్డ్ టు లివ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’ తప్పు. తెలుగులోనూ ‘అక్కడ ఉండేవాణ్ణి’ అంటాం గానీ ‘మూడేళ్లు ఉండేవాణ్ణి’ అనం, ‘మూడేళ్లు ఉన్నాను’ అంటాం. మీ చెవినే నమ్మండి.

జవాబు – లెక్కల పద్దు

ఎవరూ ముట్టుకోనిది లాస్ట్, పాస్ట్, ప్రీవియస్. డబ్బు లెక్కల్లో ఇక్కడే ఎక్కువ నష్టం.

2025 మే 10న రాస్తున్నారనుకోండి. ‘లాస్ట్ ఇయర్’ అంటే 2024 జనవరి నుంచి డిసెంబర్. ‘ద లాస్ట్ ఇయర్’ లేదా ‘ద పాస్ట్ ఇయర్’ అంటే 2024 మే 10 నుంచి 2025 మే 10 దాకా గడిచిన పన్నెండు నెలలు. ‘లాస్ట్ ఫైనాన్షియల్ ఇయర్’ అంటే 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31. చిన్న ‘ద’ ఒక్కటి చేరితే నాలుగు నెలల పైన లెక్క జరిగిపోతుంది. తెలుగులో ‘గత ఏడాది’, ‘గత ఏడాదిగా’ అన్న తేడా ఇదే. ఆ ‘గా’కు బదులే అక్కడి ‘ద’ అనుకోండి.

‘ప్రీవియస్ ఇయర్’ మరీ ప్రమాదం. 1961 ఆదాయపు పన్ను చట్టంలో అది పారిభాషిక పదం. పన్ను లెక్క తేల్చే సంవత్సరమైన అసెస్‌మెంట్ ఇయర్‌కు సరిగ్గా ముందున్న ఆర్థిక సంవత్సరాన్ని అలా అంటారు. అంటే 2024–25లో జీతం తీసుకుంటూ ఉండగానే, చట్టం దృష్టిలో అది ‘ప్రీవియస్ ఇయర్’, ఎందుకంటే దాని గుంజ 2025–26 దగ్గర ఉంది. దాన్ని ‘గత సంవత్సరం’ అని తెలుగు చేస్తే మనిషి 2023–24 లెక్క తెచ్చి చూపిస్తాడు. ఈ గందరగోళం పోవడానికే 2025 కొత్త చట్టం ఈ రెండు పేర్లనూ తీసేసి ‘ట్యాక్స్ ఇయర్’ అనే ఒక్క మాట పెట్టింది. అది 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. అంతకు ముందు సంవత్సరాల కాగితాల్లో పాత మాటలే ఉంటాయి.

ఇక వారాలు. బుధవారం నాడు ‘లాస్ట్ మండే’ అంటే రెండు రోజుల కిందటి సోమవారమా, తొమ్మిది రోజుల కిందటిదా అన్నదానిలో ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవారే ఏకాభిప్రాయంతో ఉండరు. తేదీ రాయడం తప్ప మందు లేదు. ‘నిన్న రాత్రి’కి ‘లాస్ట్ నైట్’, ‘ఎస్టర్డే నైట్’ కాదు. ‘నిన్న పొద్దున’కు మాత్రం ‘ఎస్టర్డే మార్నింగ్’, ‘లాస్ట్ మార్నింగ్’ అనరు. సాయంత్రానికి రెండూ చెల్లుతాయి. దీనికి తర్కం వెతక్కండి, వాడుక అంతే.

‘మార్చి 31 లోపు’ను ‘బిఫోర్ మార్చి 31’ అనకండి. బిఫోర్ అంటే 31 చేరదు, 30తో ఆఖరు. 31 కూడా చేరాలంటే ‘ఆన్ ఆర్ బిఫోర్’.

జవాబు – వాక్యం వరుస

పైవాటికి ఒక్కటి చేరుస్తాను, పాత శాసనాలు, తవ్వకాల వార్తలు అనువదించేవారికి. అగో రాసిన వాక్యం నిలవ ఉండదు. గుంజ రచయితతో పాటు కదలదు, చదివేవాడితో కదులుతుంది. ‘ఫైవ్ ఇయర్స్ అగో’ అని ఇవాళ వెబ్‌లో రాస్తే పదేళ్ల తర్వాత చదివేవాడు తన అయిదేళ్లే లెక్కపెడతాడు. అందుకే నిలిచి ఉండాల్సిన రాతలో సంవత్సరం వేయాలి.

పురావస్తు శాస్త్రం ఈ చిక్కును ముందే చూసుకుంది. పాత వస్తువులోని కార్బన్‌ను కొలిచి కట్టే రేడియోకార్బన్ తేదీల పక్కన ఉండే ‘బీపీ’ అంటే ‘బిఫోర్ ప్రెజెంట్’, కానీ అందులోని ‘ప్రెజెంట్’ 1950 దగ్గర శాశ్వతంగా పాతేసిన గుంజ. క్రమాంకనం చేసిన, అంటే క్యాలెండర్ ఏళ్లకు సరిదిద్దిన, తేదీ ‘3,000 బీపీ’ అని ఉంటే అది 1950కి మూడు వేల ఏళ్ల ముందు, అంటే సుమారు క్రీ.పూ. 1050. దాన్ని ‘ఇప్పటికి 3,000 ఏళ్ల కిందట’ అని తెలుగు చేస్తే 75 ఏళ్ల పైన తేడా వస్తుంది. రాతియుగానికి అది లెక్కలోకి రాదు, శాతవాహనుల కాలపు వస్తువైతే రెండు మూడు తరాల తేడా.

ప్రశ్నకర్త – వార్తల అనువాదం

బీపీని ఇన్నాళ్లూ ‘ఇప్పటికి’ అనే రాస్తున్నాం, ఆ వ్యాసాలు సరిచేయాలి. అయిదు వాక్యాలూ ఇలా తేల్చాను: అగో, హ్యాడ్‌తో ఎర్లియర్, ఫార్మర్లీ, హ్యాజ్‌తో ప్రీవియస్లీ, ద దెన్. సరేనా?

జవాబు – ఇంగ్లిషు పాఠం

సరే. మొదటి దానిలో మాత్రం, వార్త వెబ్‌లో ఉండిపోయేదైతే, అగో తీసి వంతెన కట్టిన సంవత్సరం వేయండి.